ఇటుక బొమ్మలు చూడటానికి వెళ్తున్న రవళికి

పద్మారావునగర్,
హైదరాబాద్.

రవళీ,

నీ మెసేజ్ చూశాను. వచ్చే ఆదివారం కొండాపూర్‌లో మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కొందరు తాము కట్టిన లెగో బొమ్మలు పెడుతున్నారనీ, చిన్నోడు వారం నుంచీ అదే జపం చేస్తున్నాడనీ రాశావు. నీకేమో అక్కడ ఏం చూడాలో, కట్టినవాళ్లతో ఏం మాట్లాడాలో తోచడం లేదన్నావు. ఇన్నేళ్లుగా ఇవి కడుతూ, నలుగురు కట్టినవి చూస్తూ వచ్చాను కదా, నన్నే అడిగినందుకు చాలా సంతోషంగా ఉంది. ఫోన్‌లో అయితే సగం చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

లోపలికి అడుగు పెట్టగానే అందరూ అన్నిటికంటే పెద్ద బొమ్మ చుట్టూ మూగుతారు. నువ్వు అటు వెళ్లకు, చివర్లో చూడొచ్చు. పెద్దది కట్టాలంటే డబ్బు, చోటు, ఓపిక కావాలి, నిజమే. కానీ ముక్కల లెక్క చూసి మెచ్చుకోవడం మొదలుపెడితే అసలు సంగతి కంట పడదు. కంపెనీ వాళ్ల తాజ్‌మహల్ సెట్ ఒకటి 2008లో వచ్చింది, 5,922 ముక్కలు. పక్కన పుస్తకం పెట్టుకుని ఒక్కో పేజీ చూస్తూ కడితే ఎవరైనా పూర్తి చేస్తారు. అందులోనూ ఆనందం ఉంది, నేను కాదనను. కానీ ఆదివారం నువ్వు చూడబోయేవాటికి పుస్తకం లేదు. ఈ సరదా ఉన్నవాళ్లు వాటిని మాక్ అంటారు, సొంతంగా ఊహించి కట్టినవన్నమాట. అందులో ప్రతి ముక్కా అక్కడెందుకుందంటే, ఒక మనిషి పది ముక్కలు పెట్టి చూసి, తీసేసి, చివరికి ఇదే ఉండాలని తేల్చుకున్నారు గనక. నువ్వు వెతకాల్సింది ఆ తేల్చుకున్న చోట్లను.

అవి కంటికి ఆనాలంటే కొంచెం లెక్క తెలియాలి. లెక్కల టీచరు కదా, ఇక్కడికే వస్తుందనుకున్నానంటావు. ఇటుక మీద ఉండే బొడిపెలను స్టడ్‌లంటారు. ఒక స్టడ్ నడిమి నుంచి పక్క స్టడ్ నడిమికి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పల్చగా ఉండే ప్లేట్ ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక. పైన స్టడ్, లోపల గొట్టం ఉండే ఈ పద్ధతికి డెన్మార్క్‌లో 1958 జనవరిలో పేటెంట్ అడిగారు. అప్పటి ఇటుక ఇవాళ్టి ఇటుకలో ఇప్పటికీ బిగుస్తుంది. ఈ కొలతలు పద్యానికి గణాల్లాంటివి. తప్పితే ఇటుక కూర్చోదు, తప్పకుండా ఎంత దూరం పోగలవన్నదే కట్టేవాళ్ల సత్తా.

ఎంత దూరమైనా పోవచ్చు. ఒకే రంగువి, రెండు వరుసల్లో నాలుగేసి స్టడ్‌లున్న మామూలు ఇటుకలు ఆరంటే ఆరు తీసుకో. వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా కలపొచ్చు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో తేల్చిన లెక్క ఇది. అంతకుముందు కంపెనీ చెబుతూ వచ్చిన అంకె పది కోట్ల పైచిలుకే. అందులో ఒకదాని మీద ఒకటిగా ఆరు అంతస్తులు లేచినవి మాత్రమే ఉన్నాయి, పక్కకు విస్తరించినవి లేవు. ఈ లెక్క పదో తరగతి పిల్లలకు చెప్పినప్పుడల్లా క్లాసంతా నిశ్శబ్దమైపోయేది.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి రా. ముందు స్టడ్‌లు ఎటు తిరిగి ఉన్నాయో చూడు. కొత్తవాళ్లు కట్టినదాంట్లో అన్నీ ఆకాశం వైపే చూస్తుంటాయి. చేయి తిరిగినవాళ్ల గోడల్లో కొన్ని పక్కకు, కొన్ని కిందికి తిరిగి ఉంటాయి. దీన్ని స్నాట్ అంటారు. పక్కకు తిప్పితే కొలతలు కలవొద్దా? కలుస్తాయి. ఐదు ప్లేట్లు పేర్చితే 16 మిల్లీమీటర్లు, రెండు స్టడ్‌ల వెడల్పు కూడా 16 మిల్లీమీటర్లు. ఈ ఒక్క సమానత్వం మీద ఎన్ని గోడలు, ఎన్ని కిటికీలు నిలబడ్డాయో చెప్పలేను. అలాంటి చోటు నీ అంతట నువ్వు పట్టుకున్న రోజున కలిగే సంతోషం నేను చెబితే రాదు.

మలక్‌పేటలో నాకు తెలిసిన ఒక కుర్రాడు కట్టిన చార్మినార్ సంగతి చెప్తాను. ఎత్తు మూరెడు ఉంటుందేమో. దూరం నుంచి చూస్తే, ఆఁ చార్మినార్, అని దాటిపోతాం, రోజూ బొమ్మల్లో చూసేదే గదా. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. దాని కమానులు మొనదేలి ఉంటాయి, నువ్వు గమనించే ఉంటావు. పెట్టెల్లో దొరికే కమాను ముక్కలేమో అర్ధవృత్తాలు. వాటినే పెట్టి ఊరుకుంటే అది చార్మినార్ కాదు, ఇంకేదో అవుతుంది. అతను వంపు ఉన్న రెండు ముక్కల్ని చిన్న మడతబందుల మీద వాల్చి, నెత్తిన ఒకదానికొకటి ఆనేలా నిలిపాడు. రెండిటి మధ్య గోరు పట్టేంత సందు కూడా లేదు. నాలుగు వైపులా అంతే.

ఇక రంగు. అతని తెలుపు ఒకే తెలుపు కాదు. కింద కాస్త పసుపు తిరిగి ఉంది, పైకి పోయేకొద్దీ తేటపడింది. ఈ ఇటుకల ప్లాస్టిక్‌కు ఎండ తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, అందరూ అలాంటివి తీసి పారేస్తారు. ఇతను బంధువుల ఇళ్లలో అటకల మీదున్న పాత డబ్బాలన్నీ వెతికి, పసుపు తిరిగినవాటినే ఏరుకుని, ఏది ఎంత పండిందో చూసి వరుసలు కట్టాడు. 1591 నాటి కట్టడం, సున్నం పూత వానలకూ పొగకూ మారిన తీరు అచ్చం అలాగే వచ్చింది. గడియారాలు మాత్రం తర్వాత 1889లో పెట్టినవి కదా, వాటికి మచ్చలేని కొత్త టైల్స్, అంటే పైన స్టడ్‌లు లేని నున్నటి పలకలు, వాడాడు. బండి మీటరు కోసం ముల్లు అచ్చేసిన చిన్న గుండ్రటి టైల్ ఉంటుంది, అదే గడియారమైంది. ఒకదానికి పని కల్పించి తయారుచేసిన ముక్కను ఇంకో పనికి ఒప్పించడమంటే ఇది. కప్ప బొమ్మలు గోడ మీద నగిషీలవుతాయి, పెదవి వంపులాంటి రొట్టె ముక్కలు స్తంభాల నెత్తిన చెక్కడాలవుతాయి. బొమ్మ దగ్గర నిలబడి, ఇది అసలు ఏ ముక్క అని నిన్ను నువ్వు అడుగుతూ ఉండు, చిన్నోడు నీకంటే ముందే చెప్పేస్తాడు.

గోల్కొండ బురుజులాంటి గుండ్రటి గోడ ఎవరైనా కట్టి ఉంటే అక్కడ తప్పకుండా ఆగు. నాలుగు స్టడ్‌ల ఇటుక పొడవు సరిగ్గా 32 మిల్లీమీటర్లు ఉండదు, 31.8 ఉంటుంది. పక్కపక్కన ఇరుక్కోకుండా ఉండటానికి ఆ కాస్త తగ్గించారు. వెంట్రుకంత ఆ సందును పోగేసుకుని, సన్నటి ఇటుకలతో పొడుగ్గా గోడ లేపి, మెల్లమెల్లగా వంచుతారు. తిన్నని ముక్కలే గుండ్రంగా తిరిగి కలుసుకుంటాయి. ఎక్కువ వంచితే గోడ పటక్కున విడిపోతుంది. అంచుల దగ్గర కళ్లు పెట్టి చూస్తే ఇటుకల మధ్య సందులు బయటి వైపు విచ్చుకుని, లోపలి వైపు మూసుకుని కనిపిస్తాయి.

కుతుబ్‌షాహీ గుమ్మటాల్లాంటివి ఉంటే అవి మెట్లు మెట్లుగా వచ్చాయా, నున్నగా వచ్చాయా చూడు. నున్నగా వస్తే లోపల చిన్న గుండెకాయ ఉండి, దాని ఆరు వైపులా ఒకే రకం రెక్కలు అతికించి ఉంటారు. బ్రూస్ లోవెల్ అనే ఆయన పేరు మీద ఆ పద్ధతిని లోవెల్ గోళం అంటారు. గుమ్మటానికి కావలసినట్టు దాన్ని మార్చుకోవడం మళ్లీ ఎవరి తెలివి వాళ్లది.

చిన్నవాటిని వదలకు బిడ్డా. అరచేతిలో పట్టే హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి ఒకసారి చూశాను. 1992లో నిలబెట్టిన ఆ విగ్రహం 18 మీటర్ల ఏకశిల. దాన్ని ముక్కలతో చేస్తే అతుకులు కనపడతాయి, ఏకశిల అన్న భావమే పోతుంది. కట్టిన అమ్మాయి ఒక్క స్టడ్ కూడా బయటికి కనపడనివ్వలేదు. భుజం మీద వస్త్రం మడతకు ఒకే ఒక్క వంపు ముక్క వాడింది. ఆ ముక్క తీసేస్తే అది ఎవరైనా కావచ్చు, ఉంటే బుద్ధుడు. నా దృష్టిలో ఆ గది మొత్తంలో అదే గొప్ప బొమ్మ. పక్కన నిలువెత్తు టవర్ ఉంది, జనమంతా అక్కడే ఉన్నారు.

ఇక మాటల సంగతి. ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని ముక్కలున్నాయి, ఈ మూడూ వాళ్లు పొద్దుట్నుంచి వందసార్లు విని ఉంటారు. ఇంత టైమెలా దొరుకుతుందండీ అని మాత్రం అస్సలు అనకు. అడిగేవాళ్లకు మామూలు మాటే, వినేవాళ్లకు మాత్రం పనీపాటా లేదా అన్నట్టు తగులుతుంది. పిల్లల ఆటే కదా అన్న మాటా వద్దు. దానికి బదులు నువ్వు చూసింది చూసినట్టు చెప్పు: ఈ కిటికీ జాలీకి కంచె ముక్క అడ్డంగా వాడారు కదా, చాలా బాగుంది, అను. వాళ్ల మొహం ఎలా వెలిగిపోతుందో చూద్దువు. బాగుంది, సూపర్ అన్నవి గాలికి పోతాయి. వేలెత్తి చూపించి మెచ్చుకున్నది వాళ్లు ఇంటికి పట్టుకెళ్తారు. నీకేం కనపడకపోతే ఒక ప్రశ్న అడుగు: ఇందులో ఏ భాగం దారికి రాకుండా ఎక్కువ ఇబ్బంది పెట్టింది? నేను ఎవరిని అడిగినా రెండు మాటల్లో తేల్చినవాళ్లు లేరు. వెనక వైపు చూపిస్తారా అని కూడా అడుగు. ముందు నున్నగా ఉన్న గోడ వెనక ఎన్ని రంగుల ముక్కలు పనిచేస్తున్నాయో అక్కడే తెలుస్తుంది.

మన ఊళ్లో కట్టేవాళ్లను ఇంకాస్త ఎక్కువ గౌరవించాలని నాకుంటుంది. బయటి దేశాల్లో కావలసిన ముక్కను కావలసిన రంగులో విడిగా తెప్పించుకోవడం తేలిక. ఇక్కడ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దాని మీద రవాణా ఖర్చు. అందువల్ల లేని ముక్క కోసం ఎదురుచూడటం కంటే ఉన్నదాంతో దారి వెతకడం మనవాళ్లకు అలవాటైంది. కొందరు వేరే కంపెనీల ఇటుకలు కలిపి కడతారు. అది చూసి పెదవి విరిచేవాళ్లు అక్కడే నీకు తగులుతారు, వాళ్ల మాట పట్టించుకోకు. బిగువులో తేడా ఉండొచ్చు గానీ ఊహకు కంపెనీ ఉండదు.

ముట్టుకునే విషయంలో చిన్నోడికి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లు. చాలామంది జిగురు వాడరు. కొన్ని ముక్కలు బిగింపు లేకుండా ఉత్త బరువు మీద నిలబడి ఉంటాయి, చున్నీ కొస తగిలినా చాలు. చేతులు వెనక్కి కట్టుకుని చూడమను, అలవాటైతే వాడికీ అదే హాయి. నువ్వు కూడా నిలబడి పైనుంచి చూడకు. మోకాళ్ల మీద కూర్చుని, అందులో ఉన్న బొమ్మ మనుషుల కళ్ల ఎత్తుకు నీ కళ్లు తెచ్చుకో. ఇరానీ హోటల్ బొమ్మ ఉంటే లోపలి బల్ల, దాని మీద కప్పూ సాసరూ, గాజు జాడీలో బిస్కట్లూ అప్పుడే కనపడతాయి. ఫోటో తీసేముందు ఒక మాట అడుగు, ఫ్లాష్ ఆపెయ్. నున్నటి టైల్స్ మీద వెలుగు పడి మెరిసి అంతా తెల్లబోతుంది.

అన్నీ చూడాలని పెట్టుకోకు. రెండు మూడు బొమ్మల దగ్గర తనివితీరా గడిపితే చాలు. ఒక రౌండు వేసి, టీ తాగి, మనసు లాగినదాని దగ్గరికి మళ్లీ వెళ్లు. రెండోసారి కనపడేవి వేరే ఉంటాయి.

ఇంటికొచ్చాక వాడు డబ్బా కుమ్మరిస్తాడు, అది ఖాయం. చూసిన చార్మినార్ కట్టమని చెప్పకు, ఏం కడతావనీ అడగకు, ఊరికే పక్కన కూర్చో. సర్దడం నేర్పాలనుకుంటే రంగుల వారీగా వద్దు, ఆకారాల వారీగా సర్దమను. చిన్న టైల్స్ కుప్పలో ఎర్రది చటుక్కున దొరుకుతుంది గానీ, ఎర్ర కుప్పలో చిన్న టైల్ వెతకాలంటే సాయంత్రమైపోతుంది. మూతలున్న పాత స్వీట్ డబ్బాలు నా దగ్గర చాలా ఉన్నాయి, మీ అమ్మ ఇటు వచ్చినప్పుడు పంపిస్తాను. వంకర ముక్కలకూ కమానులకూ ఒక డబ్బా విడిగా ఉంచు.

చూసొచ్చాక నీకు ఏది నచ్చిందో, అందులో ఏ ముక్క దగ్గర ఆగిపోయావో రాయి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ