ఉక్కపోతా? భయమా?

ప్రశ్న: వేళ్లకు చర్మవాహకత (చర్మం కరెంటును ఎంత పోనిస్తుందో) కొలిచే సెన్సర్ కట్టి భయం, ఆనందం పసిగట్టే ప్రాజెక్టు చేస్తున్నాం. మధ్యాహ్నం ల్యాబులో ఎవరికి కట్టినా ‘భయం’ అనే చూపిస్తోంది. ఎందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, బరంపురం (ఒడిశా)

జవాబు: మీ ఊరి ఉక్కపోతే కారణం. చెమట పడితే చర్మం కరెంటును ఎక్కువగా పోనిస్తుంది. అది భయం చెమటో ఎండ చెమటో సెన్సర్‌కేం తెలుసు? వచ్చినవాళ్లను 10 నిమిషాలు చల్లగా కూర్చోబెట్టి, 2 నిమిషాల విశ్రాంతి రీడింగు తీసుకోండి. తర్వాతి విలువల్ని ఎవరి రీడింగుతో వాళ్లవే పోల్చండి. ఉద్వేగం కలిగిన 1–3 సెకన్లకు గ్రాఫులో గీత మెల్లగా లేస్తుంది. టక్కున నిటారుగా లేచిందంటే వేలు కదిలినట్టే, ఆ ముక్క తీసేయండి.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ సంకేతం ఉద్వేగం ఎంత ఉందో చెబుతుంది, అది ఏ ఉద్వేగమో చెప్పదు. ఆనందమైనా భయమైనా గీత లేస్తుంది. ముందు ‘ప్రశాంతం–ఉద్వేగం’ వరకే గుర్తించండి. ప్రోగ్రాముకు నేర్పడానికి ఎవరి రీడింగులు వాడారో, వాళ్లను దాన్ని పరీక్షించేటప్పుడు కలపొద్దు సుమా!