హక్ చింపిన ఉత్తరం

ప్రశ్న: మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ పిల్లల సాహసగాథే కదా, అందులో అమెరికన్ సమాజపు వైరుధ్యాలు ఎక్కడున్నాయి?

జవాబు: అమెరికాలో 1885లో, అంటే బానిసత్వం రద్దయిన 20 ఏళ్లకు వెలువడిన ఈ నవల, రద్దుకు పూర్వపు మిసిసిపీ నదీతీరంలో నడుస్తుంది. పగలు పెంచుకున్న రెండు కుటుంబాలవారు మోకాళ్ల మధ్య తుపాకులు పెట్టుకుని చర్చిలో సోదరప్రేమ మీద ప్రసంగం విని, బాగుందని మెచ్చుకుని, మర్నాడే ఒకరినొకరు కాల్చుకుంటారు. ఉత్తరం ఘట్టం ఇంకా లోతైనది. పారిపోయిన బానిస జిమ్ ఆచూకీ తెలుపుతూ యజమానురాలికి ఉత్తరం రాసిన కథానాయకుడు హక్ (హకల్‌బెరీ), జిమ్ తనపై చూపిన ఆప్యాయత గుర్తుకొచ్చి, నరకానికి పోయినా సరేననుకుని దాన్ని చింపేస్తాడు. మంచిపనినే మహాపాపమని ఆ పిల్లవాడికి నూరిపోసింది అతన్ని పెంచిన సమాజమే. జిమ్‌కు అప్పటికే స్వేచ్ఛ దక్కిందని తెలిసీ హక్ స్నేహితుడు టామ్ సాయర్, అతన్ని చెర విడిపించే పేరుతో ఆడించిన చివరి నాటకం మాత్రం, నా దృష్టిలో, ఈ బిగువును సడలించింది.