‘మోర్ బెటర్’ అన్నందుకు ఉద్యోగం రాకుండా పోదు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫైనల్ ఇయర్. మార్కులు బాగానే వస్తాయి. ఇంగ్లీష్‌లో మాట్లాడితే మాత్రం ‘మోర్ బెటర్’, ‘వెరీ టాలర్’ లాంటి తప్పులు చేస్తుంది. కాలేజీలో పెట్టిన మాక్ ఇంటర్వ్యూలో తోటివాళ్లు నవ్వారట. అప్పటి నుంచి ఇంగ్లీష్‌లో నోరు విప్పడం లేదు. ఇంట్లో తన మాటలు రికార్డు చేసి, చదువుకున్న బంధువులకు పంపి సలహా అడిగాను. యాసతో సహా నేర్పే ఫ్లుయెన్సీ కోర్సులో చేర్చమని కొందరు, గ్రామర్ క్లాసులకు పంపమని కొందరు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా మీ భయం వేరు. ఈ తప్పుల వల్ల అమ్మాయికి ఉద్యోగం రాదేమోనని మీ దిగులు. ఇదే దిగులుతో చాలామంది తల్లులు, తండ్రులు నన్ను అడుగుతుంటారు. ‘మోర్ బెటర్’ అంటే ఎదుటివాళ్లకు అర్థం కాకుండా పోదు. ఇంటర్వ్యూలో ముందు చూసేది అడిగినదానికి సూటిగా జవాబు వస్తోందా లేదా అని. ఒక మాట తప్పు దొర్లినా ఆగకుండా చెప్పుకుపోయే పిల్లకు ఇబ్బంది ఉండదు. తప్పు వస్తుందేమోనని ఊరుకున్న పిల్లకే కష్టం.

ఆ ఊరుకోవడానికి కారణం తోటివాళ్ల నవ్వు ఒక్కటే అనుకోకండి. తన మాటలు రికార్డు చేసి బంధువులకు పంపడం మంచి పని కాదు. మీరు ప్రేమతోనే చేసి ఉంటారు, కానీ తనకు అది పదిమందిలో తలవంపుగా ఉంటుంది. బయట మాట్లాడితే నవ్వుతారు, ఇంట్లో మాట్లాడితే రికార్డు చేస్తారు. మరి ఆ పిల్ల ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి? వాక్యం పూర్తి కాకముందే సరిదిద్దే అలవాటు మీకుంటే అదీ మానేయండి.

ఇక తప్పుల సంగతి. టాల్, టాలర్, టాలెస్ట్ పట్టిక తనకు ఎప్పుడో కంఠతా వచ్చి ఉంటుంది, మళ్లీ చెప్పను. పోలిక చెప్పాల్సి వస్తే తెలుగులో ‘కంటే’ చాలు, ‘మంచి’ అన్న మాట మారదు. నొక్కి చెప్పాలంటే ముందు ‘ఇంకా’ చేరుస్తాం. ఆ అలవాటుతోనే బెటర్ ముందు మోర్ వచ్చి కూర్చుంటోంది. ఇది తెలివితక్కువతనం కానే కాదు. 16, 17 శతాబ్దాల్లో పేరున్న ఇంగ్లీష్ రచయితలే ఇలా రెండూ కలిపి రాశారు. తర్వాత 18వ శతాబ్దపు వ్యాకరణ పుస్తకాలు దాన్ని తప్పుగా లెక్కగట్టాయి. ఇప్పుడు ‘బెటర్’ ఒక్కటే అనాలి. నొక్కి చెప్పాలంటే ‘మచ్ బెటర్’. ‘వెరీ టాలర్’ కూడా అంతే, ‘మచ్ టాలర్’ అంటే సరిపోతుంది. తేడా కొంచెమే అయితే ‘ఎ లిటిల్ టాలర్’.

మీరు రాయలేదు గానీ, బాగా చదివేవాళ్లు కూడా చేసే తప్పు ఇంకోటి ఉంది. ‘అవర్ డిజైన్ ఈజ్ సింప్లర్ దాన్ ద అదర్ టీమ్’ అంటారు. అక్కడ డిజైన్‌ను మనుషులతో పోల్చినట్టయింది. ‘సింప్లర్ దాన్ దెయిర్స్’ అనాలి. ఇది పట్టుబడితే మాట చాలా శుభ్రంగా వినిపిస్తుంది. సీనియర్, జూనియర్, ప్రిఫర్ అన్న మాటలకు దాన్ బదులు ‘టు’ వస్తుందని కూడా గుర్తుంచుకోమనండి.

రోజువారీ మాటల్లో బాగా పనికొచ్చేది ‘నాట్ యాజ్... యాజ్’. ‘ద సెకండ్ మెథడ్ వాజ్ నాట్ యాజ్ ఫాస్ట్ యాజ్ ద ఫస్ట్’ అంటే చాలు. ఫాస్ట్ అన్న మాటను మార్చే పనే లేదు. ఒకదాన్ని తక్కువ చేసి చెప్పాల్సి వచ్చినప్పుడు ‘వర్స్’ అనేకంటే మర్యాదగానూ ఉంటుంది. ‘దాన్ మి’ అనాలా, ‘దాన్ ఐ యామ్’ అనాలా అనే టెన్షన్ అక్కర్లేదు, మాటల్లో రెండూ నడుస్తాయి. ‘క్లెవరర్’, ‘మోర్ క్లెవర్’ కూడా అంతే.

ఫ్లుయెన్సీ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. అన్నీ చెడ్డవని అనను. కానీ యాస నేర్పిస్తామనే చోట ఎక్కువగా జరిగేది ఏమిటంటే, స్వీయ పరిచయం ఒకటి, తయారు జవాబులు కొన్ని బట్టీ పట్టిస్తారు. పిల్లలు అవి గడగడా చెబితే తల్లిదండ్రులకు సంతోషం. ఇంటర్వ్యూలో మాత్రం ‘ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నావు, దానికంటే ఇది ఏ విషయంలో మెరుగు?’ అని అడుగుతారు. ‘ఏ సబ్జెక్టు నీకు కష్టమనిపించింది, ఎందుకు?’ అంటారు. ఇవన్నీ పోలిక ప్రశ్నలే, వీటికి బట్టీ జవాబు ఉండదు. తను చేసిన పని గురించి తనే ఆలోచించి అప్పటికప్పుడు చెప్పాలి. అరువు తెచ్చుకున్న యాస అక్కడ అక్కరకు రాదు, పైగా యాస మీద ధ్యాస పెట్టి చెప్పాల్సిన విషయం మర్చిపోతారు. మన యాసలో స్పష్టంగా, నిదానంగా మాట్లాడితే తప్పేమీ లేదు. ఈ మాట మీ బంధువులకు కూడా చెప్పండి.

గ్రామర్ క్లాసు అయినా తను నోరు విప్పకుండా ఖాళీలు పూరించడమే అయితే వద్దు. ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు ఒకటి అడగండి: గంట క్లాసులో మా అమ్మాయి ఎన్ని నిమిషాలు మాట్లాడుతుంది? సూటిగా జవాబు రాకపోతే వచ్చేయండి.

ఈలోపు రోజూ పది నిమిషాలు, తన ప్రాజెక్టులోవే రెండు విషయాలు తీసుకుని పోల్చి చెప్పమనండి. రెండు పద్ధతులు కావచ్చు, రెండు సబ్జెక్టులు కావచ్చు. రికార్డు చేసుకోవాలంటే తన ఫోన్‌లో తనే చేసుకుని, తనే వినాలి. నెల తర్వాత కూడా కోర్సు కావాలని తనే అడిగితే, ఎక్కువ మాట్లాడించే చోట చేర్చండి. ఏ కోర్సో తననే ఎంచుకోనివ్వండి.