ట్రాక్ డే వీడియోల కోసం చీటీ ఎత్తాలా?

ప్రశ్న: మాది కడప. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. చేతికొచ్చే జీతం 52,000. కారు ఈఎంఐ 11,500, చీటీ 10,000, ఇంటి ఖర్చులు 21,500 పోను 9,000 మిగులుతుంది. కారు లోను ఇంకా 3,10,000 ఉంది. బ్యాంకులో 40,000 ఉన్నాయి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌లో ట్రాక్ డేకు, అంటే రేసు ట్రాకు మీద మామూలు జనం కార్లు నడిపే రోజుకు, నా కారుతోనే వెళ్లాలని కోరిక. యూట్యూబ్‌లో పెట్టే వీడియోలకు మూడు చిన్న కెమెరాలు, వాటిని కారుకు బిగించే మౌంట్లు, 512 జీబీ మెమరీ కార్డులు కలిపి 1,18,000 అవుతాయి. ఇరవై నెలల రెండు లక్షల చీటీ ఆరో నెలలో ఉంది. అది ఎత్తేయనా, నో కాస్ట్ ఈఎంఐలో కొననా? టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా తీసుకుంటున్నా, అందులో ట్రాక్ సంగతి రాయాలా?

జవాబు: చీటీ జోలికి పోకండి. ఆరో నెలలోనే ఎత్తాలంటే పాటలో పోటీ గట్టిగా ఉంటుంది. 40,000 వదులుకుని పాడారనుకుందాం, చేతికి 1,60,000 వస్తుంది. చివరిదాకా ఆగితే 5 శాతం కమిషన్ పోను 1,90,000 వస్తుంది. పద్నాలుగు నెలలు ముందుగా తీసుకున్నందుకు 30,000 పోయినట్టు. ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీ అన్నమాట. పైగా ఎత్తిన చీటీకి జామీన్లు చూపించాలి. కెమెరాల కోసం బావనో మేనమామనో సంతకం అడగడం నాకైతే సబబుగా లేదు.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి ఇంకా తొందరగా తేలిపోతుంది. పన్నెండు నెలలకు వేసినా నెలకు 9,800 దాటుతుంది, మీకు మిగిలేదే 9,000. వడ్డీ మేరకు దుకాణం ధర తగ్గిస్తుంది గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ కార్డుకే పడతాయి.

నిజానికి నన్ను కంగారు పెట్టింది కెమెరాల ధర కాదు, 'నా కారుతోనే' అన్న మాట. మీ కారు పాలసీ తీసి, వాహనాన్ని దేనికి వాడకూడదో చెప్పే భాగం చదవండి. నిర్వహించే రేసులు, పేస్ మేకింగ్ (రేసులో ముందు నడిచి వేగం చూపడం), స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కు (బండి ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్షలకు) పాలసీ వర్తించదని ఉంటుంది. 'ఇది రేసు కాదు, ట్రాక్ డే' అని వాదించేవాళ్లున్నారు. నష్టం అంచనా వేయడానికి వచ్చే బీమా సర్వేయరు ముందు ఆ వాదన నిలుస్తుందని నేను మాత్రం పూచీ పడను. వేగం, ల్యాప్ టైము (ట్రాకు ఒక చుట్టుకు పట్టిన సమయం) వేసి మరీ వీడియో పెట్టాక మీరు చెప్పుకోవడానికి మిగిలేదేమీ ఉండదు. విడిభాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డెప్రిసియేషన్ కవరు తీసుకున్నా ఇదే పరిస్థితి. కారు గోడకు కొడితే రిపేరు మీ జేబులోంచే, లోను ఈఎంఐ మాత్రం ఎప్పటిలాగే పోతుంటుంది.

కాబట్టి లోను తీరేదాకా ఆ కారును ట్రాక్ ఎక్కించొద్దు. ఆలోపు సరదా తీరాలంటే అదే సర్క్యూట్‌లో రేసింగ్ స్కూళ్లు తమ కార్లతో నేర్పుతాయి. డ్యామేజీ జరిగితే మీరెంత కట్టాలో ముందే రాతపూర్వకంగా అడగండి. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ మీద ప్రాక్టీసు చేద్దామనుకుంటే అసలు వద్దు. రోడ్డు మీద రేసింగ్‌కు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే 5,000 వరకు జరిమానా గానీ మూడు నెలల వరకు జైలు గానీ, లేదా రెండూ పడొచ్చు. అక్కడ పాలకోవా కోసం ఆగండి, చాలు.

ఇక కెమెరాలు. మూడెందుకండీ? డ్రైవింగ్ నేర్చుకోవడానికి పనికొచ్చేది ఒక్క కోణమే. ముందు సీట్ల మధ్య నుంచి, కాస్త వెనగ్గా పెడితే స్టీరింగ్ మీద మీ చేతులు, అద్దంలోంచి ట్రాకు రెండూ కనిపిస్తాయి. మలుపులో ఎప్పుడు తిప్పారో, తిప్పాక ఎన్నిసార్లు దిద్దుకున్నారో అందులోనే దొరుకుతుంది. బంపరు మీద, తలుపు బయట పెట్టే కెమెరాలు చూడ్డానికే బాగుంటాయి. బయట సక్షన్ మౌంట్లను (గాలి పీల్చి అద్దానికో రేకుకో అతుక్కునేవి) ఒప్పుకోని నిర్వాహకులూ ఉన్నారు. హెల్మెట్‌కు అతికించే ఆలోచన ఉంటే మానుకోండి.

కెమెరాలో డబ్బు మిగుల్చుకున్నా మౌంటు దగ్గర పిసినారితనం వద్దు. హెడ్‌రెస్టు కడ్డీలకు బిగించే లోహపు క్లాంపు కొనండి, రోల్ బార్ (కారు బోల్తా పడితే కాపాడే ఇనుప చట్రం) ఉంటే దానికే బిగించండి. అది కాక కెమెరాకు విడిగా ఒక గట్టి తాడు కట్టి సీటు ఫ్రేముకు ముడేయండి. ఈ కెమెరాలు 150 గ్రాముల దాకా తూగుతాయి, అంటే దాదాపు క్రికెట్ బంతంత బరువు. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో గుద్దుకున్నప్పుడు అది ఊడితే, మీ తల వెనక నుంచి పేస్ బౌలరు బంతి వేసినట్టే. తప్పక సక్షన్ వాడాల్సొస్తే అద్దం మీద దుమ్ము, జిడ్డు పోయేలా తుడవండి, మన ఎండకు కాలిపోయే అద్దాన్ని మాత్రం నమ్మొద్దు.

సెట్టింగుల్లో స్టెబిలైజేషన్ (వీడియోలో కుదుపులు తగ్గించే ఏర్పాటు) ఆపేయండి. కెమెరా కారుకే బిగించి ఉంటుంది కనుక, కారు తిరగడాన్ని కుదుపనుకుని సరిచేయబోతే వీడియోలో డ్యాష్‌బోర్డు ఊగుతుంది. మెమరీ కార్డు వీ30 రకం (వీడియో రాసుకునేంత వేగం ఉన్నది) 128 జీబీ సరిపోతుంది. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ, అంటే రెండున్నర గంటలకు పైగా వస్తుంది. మీ జాబితాలోని 512 జీబీ కార్డులు దండగ.

ల్యాప్ టైము, వేగం వీడియో మీద రావాలంటే కెమెరాలో జీపీఎస్ ఉంటే సులువు. గోప్రో హీరో 11లో అది ఉంది, 12లో తీసేశారు, 13లో మళ్లీ పెట్టారు. మీ అవసరానికి పాత 11 కొన్నవాడే 12 కొన్నవాడికన్నా లాభపడతాడు. ఫోన్ యాప్‌తో సరిపెడదామంటే, మామూలుగా ఫోన్ జీపీఎస్ సెకనుకు ఒక్కసారే చోటు చెబుతుంది, 120లో కారు ఆ సెకనులో 33 మీటర్లు దాటిపోతుంది. మొదటిసారికి ఏదీ కొనొద్దనే నా సలహా. చెన్నైలో ఇలాంటి కెమెరాలు రోజు అద్దెకు దొరుకుతాయి. ఒక రోజు వాడాక మీకు నిజంగా ఏది కావాలో మీకే అర్థమవుతుంది.

యూట్యూబ్ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోకండి. ప్రకటనల వాటా మొదలవ్వాలంటేనే 1,000 మంది సబ్‌స్క్రయిబర్లు ఉండాలి, పైగా ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ రావాలి.

మిగిలే 9,000లో 6,000 రికరింగ్ డిపాజిట్‌కు, 3,000 కెమెరాకు వేయండి. ఏడాదికి కెమెరా జేబులో 36,000, అత్యవసర నిధి 40,000 నుంచి వడ్డీ కాక 1,12,000 అవుతుంది. చీటీ చివర్లో వచ్చే 1,90,000 తెచ్చి కారు లోనుకు కట్టేయండి. ఆ పద్నాలుగు నెలల ఈఎంఐలతో, వడ్డీ 9, 10 శాతం మధ్య ఉంటే, బాకీ 1,80,000 లోపుకు దిగుతుంది. ముందుగా తీర్చినందుకు చార్జీ ఎంతో మాత్రం బ్యాంకును అడగండి. అప్పుడు మీ కారు తీసుకుని రాజంపేట, రేణిగుంట మీదుగా హాయిగా వెళ్లండి.

టర్మ్ పాలసీ ఫారంలో ప్రమాదకరమైన హాబీల గురించి అడిగితే ట్రాక్ సంగతి తప్పకుండా రాయండి. ప్రీమియం పెరిగితే పెరగనీండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక కంపెనీ పాలసీని ప్రశ్నించలేదు, ఆలోపు మాత్రం దాచిన విషయం బయటపడితే క్లెయిము తిరస్కరించవచ్చు. ఆరోగ్య బీమాలో ప్రొఫెషనల్‌గా మోటారు రేసింగ్‌లో పాల్గొంటే అయ్యే చికిత్స ఖర్చుకు మినహాయింపు ఉంటుంది. సరదాగా వెళ్లేవారికి అది అడ్డం కాదు, డబ్బు తీసుకుని నడిపితే మాత్రం పేచీ రావచ్చు. వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే రేసింగ్ గురించి అందులో ఏముందో ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.