ఘాజీని ముంచింది ఎవరు? వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత్ర ఎంత?

1971 భారత్-పాక్ యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఎలా పేలిందన్నది ఇప్పటికీ తేలని వాదం. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల (నీటిలోపల పేలే బాంబుల) వల్లనని మన నేవీ అంటుంది. ఘాజీ సొంత మైన్లే (సముద్రంలో పరిచే బాంబులు) పేలాయని పాకిస్తాన్ అంటుంది. నన్నడిగితే, నీలకంఠ కృష్ణన్ గొప్పతనం ఈ వాదం మీద ఆధారపడి లేదు. ఆ సబ్‌మెరైన్ మన విమానవాహక నౌక విక్రాంత్ లేనిచోట వెతికేలా చేశాడు, ఆయన అసలు పని అదే.

1971లో ఆయన విశాఖలో తూర్పు నౌకాదళ అధిపతి. చేతిలో ఉన్న విక్రాంత్‌కి ఒక బాయిలర్ పగులు బారి ఉంది. 24 నాట్లకు (నాట్ అంటే నౌకల వేగానికి కొలత) పైగా పరుగెత్తాల్సిన నౌక 16 నాట్లకు పరిమితమైంది. దాని మీది సీహాక్ యుద్ధ విమానాలు లేవాలంటే డెక్ మీద బలమైన ఎదురుగాలి కావాలి. నౌక వేగం తగ్గినకొద్దీ ప్రకృతి ఇచ్చే గాలి మీద ఆధారపడాలి. పైగా నెమ్మదిగా వెళ్లే పెద్ద నౌకను టార్పెడోతో కొట్టడం తేలిక. బంగాళాఖాతం దాకా రాగల సబ్‌మెరైన్ పాకిస్తాన్‌కి ఘాజీ ఒక్కటే. అది నవంబరు 14న కరాచీ వదిలింది.

కృష్ణన్ విక్రాంత్‌ని నవంబరులోనే అండమాన్‌లో ‘పోర్ట్ ఎక్స్‌రే’ అని సంకేతనామం పెట్టిన చోట దాచేశారు. ఆపైన విశాఖలో నాటకం మొదలైంది. పాత డిస్ట్రాయర్ (యుద్ధనౌక) రాజ్‌పుత్‌ని తీరానికి సుమారు 160 మైళ్ల దూరం పంపి, విక్రాంత్ పంపినట్టే వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విమానవాహక నౌక ఉన్నచోట వైర్‌లెస్ రద్దీ ఎక్కువ, వినేవాడు దాన్నిబట్టే లెక్కేసుకుంటాడు. విశాఖ కాంట్రాక్టర్లకు భారీగా మాంసం, కూరగాయలు, సరుకులు ఆర్డర్ ఇచ్చారు, ఆ వార్త గూఢచారుల చెవిన పడుతుందనే. మద్రాసులో విక్రాంత్‌కి బెర్త్ (రేవులో నిలిపే చోటు) కావాలని కబురు పెట్టారు. విక్రాంత్ నావికుడొకడు తల్లి ఆరోగ్యం గురించి మామూలు టెలిగ్రామ్ ఇచ్చినట్టు కూడా చేశారు. నాకు ఆ ప్రణాళికలో అన్నిటికంటే నచ్చేది ఇదే. రహస్య సంకేతాల్లో పంపింది కాదు కాబట్టి, శత్రువుకది ఎవరో కుర్రాడి పొరపాటులా కనిపిస్తుంది, అనుమానం రాదు.

డిసెంబరు 3 అర్ధరాత్రికి కాస్త ముందు, లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ దీపాలార్పి హార్బర్ దాటింది. రేవు దాటించే దారి చూపరిని (పైలట్‌ని) దింపేశాక వేగం పెంచింది. నీటిలో అలజడి కనబడిన చోట రెండు డెప్త్ చార్జ్‌లు వేసి ముందుకెళ్లిపోయింది. కొన్ని నిమిషాలకు వచ్చిన పేలుడుకి తీరం వెంట కిటికీ అద్దాలు పగిలాయి. తెల్లారాక మన జాలర్లకు తేలియాడే శకలాలు దొరికాయి, తరువాత డైవర్లు దిగి అది ఘాజీయేనని ధ్రువపరిచారు. డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) తీరంలోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి, ఆ తరువాత చిట్టగాంగ్ వంతు.

ఆయన చేతిలో అన్నీ సవ్యంగా జరగలేదు. యుద్ధం చివర్లో కాక్స్ బజార్ దగ్గర సైన్యాన్ని దింపే ప్రయత్నం బెడిసింది. ల్యాండింగ్ నౌకలు ఒడ్డుకు ముందున్న ఇసుక దిబ్బ మీద ఆగిపోయాయి. దిబ్బకు అవతల నీళ్లు మనిషి లోతు దాటి ఉన్నాయి, దిగినవాళ్లలో మునిగి ప్రాణాలు కోల్పోయినవారున్నారు. ఆ తీరం లోతుల్ని ముందే కొలిచి చూడకపోతే జరిగేది అదే. ఘాజీ కథ చెప్పేటప్పుడు ఈ అధ్యాయాన్ని దాటవేయడం ఆయనకూ న్యాయం కాదు, ఆ జవాన్లకూ న్యాయం కాదు.

అంతకు ముందరి జీవితం క్లుప్తంగా: 1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో డీఎస్‌సీ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్) అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది. 1961లో క్రూజర్ (పెద్ద యుద్ధనౌక) ఐఎన్ఎస్ ఢిల్లీ కెప్టెన్‌గా, అప్పటికి పోర్చుగీసు చేతిలో ఉన్న డయ్యూ మీది దాడిలో సైన్యానికి ఫిరంగుల మద్దతిచ్చారు. 1972లో పద్మభూషణ్. 1971 డిసెంబరు 16న ఢాకా లొంగుబాటు ఫోటోలో భారత సేనాని అరోరా, పాకిస్తాన్ సేనాని నియాజీల వెనుక నిలబడ్డవాళ్లలో తెల్లటి నేవీ యూనిఫాంలో ఉన్నది ఆయనే. రిటైరయ్యాక కొచ్చిన్ షిప్‌యార్డ్‌కి నాయకత్వం వహించి, 1982లో కన్నుమూశారు.