ట్రైల్ పాస్ కొన్నాక కూడా స్నోమొబైల్ క్లబ్‌కి డబ్బులెందుకు కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: విస్కాన్సిన్‌కి మారారు, సెకండ్ హ్యాండ్ స్లెడ్ (మంచు మీద నడిపే బండి, అదే స్నోమొబైల్) కొన్నారు, రిజిస్ట్రేషన్ కట్టారు, స్నోమొబైల్ దారుల మీద నడపడానికి ట్రైల్ పాస్ తీసుకున్నారు, ఇంకా లోకల్ క్లబ్ వాళ్ళు మెంబర్‌షిప్ అంటున్నారు, పైగా మీ ఇంటి దగ్గర ట్రైల్ మధ్యలో క్లోజ్డ్ అని బోర్డు పెట్టేశారు, మరి ఈ డబ్బంతా ఎటు పోతోంది అని. నేను మారథాన్ కౌంటీలో ఉంటాను, ఆరేళ్ళుగా ఇక్కడ ఒక చిన్న క్లబ్‌లో వాలంటీర్‌ని, చూసింది చూసినట్టు చెప్తా.

ముందు డబ్బు సంగతి. ఇక్కడ ట్రైల్స్‌కి వచ్చేది దాదాపు అంతా నడిపేవాళ్ళ డబ్బే. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైల్ పాస్, ఇంకా గ్యాస్ టాక్స్‌లో, అంటే పెట్రోల్ మీద పన్నులో, కొంత భాగం. ఆ గ్యాస్ టాక్స్ లెక్క ఎలాగంటే, రాష్ట్రంలో రిజిస్టర్ అయిన ఒక్కో స్లెడ్ ఏడాదికి 50 గ్యాలన్లు తాగుతుంది అనుకుని దాని మీద కడతారు, అంటే రిజిస్ట్రేషన్లు తగ్గితే ఆ ఫీజూ పోతుంది, దాని వెనకే గ్యాస్ టాక్స్ వాటా కూడా తగ్గుతుంది, రెండు దెబ్బలు ఒకేసారి. ఇదంతా రాష్ట్ర సహజవనరుల శాఖ డీఎన్ఆర్‌కి, అక్కడి నుంచి కౌంటీకి, కౌంటీ నుంచి క్లబ్‌కి వస్తుంది. మామూలు మెయింటెనెన్స్‌కి మైలుకి 300 డాలర్లు. గ్రూమింగ్, అంటే ట్రైల్ మీద మంచుని చదును చేయడం, దాని ఖర్చు బాగా ఎక్కువైతే సప్లిమెంటల్ అని ఇంకొంత ఇస్తారు, అది తర్వాతెప్పుడో వస్తుంది, ముందు డీజిల్ మనమే కొట్టించుకోవాలి.

మా క్లబ్‌కి 60 మైళ్ళు ఉన్నాయి అంటే 18,000 డాలర్లు. కొత్త గ్రూమర్, అంటే ట్రాక్‌లు వేసిన పెద్ద ట్రాక్టర్, వెనక లాగే డ్రాగ్ కలిపి 2 లక్షల డాలర్లు దాటిపోతుంది, మాది పాతది, దాని ట్రాక్ ఒకటి తెగితే ఆ సీజన్ బడ్జెట్ అంతా తలకిందులవుతుంది. బ్రిడ్జిలు, సైన్ బోర్డులు, ఇన్సూరెన్స్ వేరే. అందుకే శుక్రవారం ఫిష్ ఫ్రై, బ్రాట్ (సాసేజ్) స్టాండ్, రాఫెల్ టికెట్లు, ఇవన్నీ పెడతారు. గ్రూమర్ నడిపేవాళ్ళకి మా దగ్గర జీతం లేదు. రాత్రి పూట నడుపుతారు ఎందుకంటే చలికి మంచు గట్టిపడి నిలుస్తుంది, ట్రైల్ మీద స్లెడ్లు కూడా తక్కువ ఉంటాయి. గంటకి ఏడెనిమిది మైళ్ళకి మించి వెళ్ళరు కాబట్టి ఒక లూప్ అయ్యేసరికి తెల్లారిపోతుంది, మా దాంట్లో ఆ పని చేసేది ముగ్గురు, వాళ్ళలో అందరికంటే చిన్నవాడికే 58 ఏళ్ళు.

కానీ నన్నడిగితే అసలు కష్టం డబ్బు కాదు, దారి. ఈ రాష్ట్రంలో దాదాపు 25,000 మైళ్ళ ట్రైల్స్ ఉన్నాయని గొప్పగా చెప్పుకుంటాం, అందులో చాలా భాగం ప్రైవేట్ పొలాల మీద నుంచే పోతాయి, ఆ రైతులు ఒక్క డాలర్ తీసుకోకుండా ఇచ్చిన పర్మిషన్. 1984 నుంచి ఇక్కడ ఒక చట్టం ఉంది, ఊరికే దారి ఇచ్చిన భూమి ఓనర్ మీద, ఎవరైనా పడి దెబ్బ తగిలినా మామూలుగా కేసు నిలవదు. ఆ ధైర్యంతోనే ఇస్తున్నారు. అయినా ఇష్టం లేకపోతే రేపు పొద్దున్నే వద్దు అనొచ్చు.

మా నాన్నది జగిత్యాల దగ్గర వ్యవసాయం. మా పొలానికి పోవాలంటే పక్కాయన గట్టు మీద నుంచే దారి, ఒక ఏడాది మాటా మాటా పెరిగి ఆయన ముళ్ళకంప అడ్డం వేశాడు, ఆ పంట వడ్ల బస్తాలన్నీ చుట్టూ తిప్పి మోయించాల్సి వచ్చింది. అదే ఇక్కడ చూశా. నేను చేరిన మూడో ఏడు జనవరిలో ఇద్దరెవరో స్టేక్స్ (ట్రైల్ హద్దు చూపే కర్రలు) దాటి ఒక రైతు పొలంలో పడ్డారు, అక్కడ కింద లూసర్న్ గడ్డి ఉంది, మంచు అణిగి ఐసు కడితే వేసవికి ఆ గీత పొడుగునా గడ్డి రాదు. ఆయన మర్నాడే గేటు వేశాడు. పోయింది మైలున్నరే, కానీ దానికి అటూ ఇటూ ఉన్న 20 మైళ్ళు తెగిపోయాయి. మా ట్రైల్ బాస్‌తో (క్లబ్‌లో ట్రైల్ పనులు చూసేవాడు) పాటు నేనూ వెళ్ళా, మూడుసార్లు ఆయన వంటింటి టేబుల్ దగ్గర కూర్చున్నాం, ట్రైల్ ఊసే ఎత్తలేదు, మా నాన్న పండించే వరి గురించి ఆ రైతే అడిగాడు, బోర్ల గురించి అడిగాడు, నేను చెప్పుకుంటూ పోయా. మూడోసారి ఆయనే అన్నాడు, ఫెన్స్ పక్కనుంచి అయితే పెట్టుకోండి అని. మీ దగ్గర క్లోజ్డ్ బోర్డు వెనక కూడా ఇలాంటిదే ఏదో ఉండి ఉంటుంది, లేదా ముసలాయన పోయాక పిల్లలు భూమి అమ్మేసి ఉంటారు, ఇదైతే ఇంకా కష్టం, కొత్త ఓనర్‌కి క్లబ్ అంటే ఏంటో కూడా తెలీదు.

ఇంకోటి, మంచు. 2023-24 చలికాలం రాష్ట్రంలోనే రికార్డు వేడి, ఇక్కడ పేరున్న బర్కీ అనే స్కీ రేసుని కూడా మెషీన్‌తో తయారుచేసిన మంచు మీద 10 కిలోమీటర్ల లూప్‌లో పెట్టారు. మా గ్రూమర్ షెడ్డులోంచి ఒక్కసారి బయటికొచ్చింది. కానీ బ్రషింగ్, అంటే ట్రైల్ మీదికి పెరిగిన కొమ్మలు, పొదలు కొట్టేయడం, చేశాం, మొక్కజొన్న కోసిన తర్వాత స్టేక్స్ పాతాం, జింకల వేట సీజన్ అయ్యేదాకా ఆగి గేట్లు తీయడానికి రెడీగా ఉన్నాం, ఏప్రిల్‌లో పొలాలు దున్నేలోపే ఆ స్టేక్స్ అన్నీ మళ్ళీ పీకాం, మంచు పడినా పడకపోయినా పని అంతే. ఆ ఏడు మెంబర్‌షిప్ రెన్యూ చేయనివాళ్ళలో చాలామంది తర్వాత మంచు బాగా పడ్డా తిరిగి రాలేదు, నాకు బాధనిపించేది అదే.

మెంబర్‌షిప్ విషయం: క్లబ్ ద్వారా రాష్ట్ర అసోసియేషన్‌లో కూడా చేరితే ట్రైల్ పాస్ 30 డాలర్ల బదులు 10కే వస్తుంది, స్లెడ్‌కి ఒకటి. మా క్లబ్ ఫీజు 35, రెండు స్లెడ్లు ఉన్నవాళ్ళకి అది పాస్ మీదే వచ్చేస్తుంది. ఈసారి పాస్ కొనే ముందే చేరండి, తర్వాత చేరితే ఆ తేడా వెనక్కి రాదు.

కానీ చేరితే ఒక్క శనివారం కూడా ఇవ్వండి. మీ క్లబ్‌ని అక్టోబర్ బ్రషింగ్ ఎప్పుడో అడగండి, రంపం వాళ్ళే ఇస్తారు, గ్లవ్స్ మీవి తెచ్చుకోండి, వేట సీజన్ కాబట్టి ఆరెంజ్ జాకెట్ తప్పకుండా వేసుకోండి. ఆ క్లోజ్డ్ సెక్షన్ రైతు ఎవరో అక్కడే తెలుస్తుంది. మీకు వ్యవసాయం తెలిసుంటే ఆ సంగతి ట్రైల్ బాస్ చెవిన వేయండి, ఈసారి ఆయన ఇంటికి వెళ్ళేటప్పుడు మిమ్మల్ని కూడా తీసుకెళ్తారు.