పత్తి లెక్కలు రాయబోయే మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి ఆదోనిలో జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) లెక్కలు చూడబోతున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల అంత పెద్ద పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో లెక్కలు రాస్తుందంటే గర్వంగా ఉంది. కానీ పండగకు నువ్వు చూపించిన ఎక్సెల్ షీటులో అంకెలన్నీ మధ్యకు జరిపి ఉన్నాయి. అప్పుడే అనాల్సింది, నీ ముఖం చూసి ఊరుకున్నాను.

ఎక్సెల్ తనంతట తాను అక్షరాలను ఎడమకు, అంకెలను కుడికి పెడుతుంది. ఆ ఆనవాలు చెరపకు తల్లీ.

నేను గుమస్తాగా ఉన్న రోజుల్లో ఒక మిల్లులో తూకాల పట్టీ అందంగా ఉండాలని మొత్తం సెంటర్ చేశారు. కొన్ని గడుల్లో 18.60 అని, కొన్నింటిలో 18.60 క్వి. అని కొట్టారు. పక్కన అక్షరం చేరితే ఆ గడి ఇక అంకె కాదు. మొత్తం కూడే సమ్ ఫార్ములా దాన్ని కిమ్మనకుండా దాటేస్తుంది. మూడు బండ్ల పత్తి తెచ్చిన రైతుకు రెండు బండ్ల డబ్బే ముట్టింది. పాపం, తూకం చీటీలు రుమాలులో మూటగట్టుకుని మళ్లీ వస్తే, కంప్యూటర్ అబద్ధం చెబుతుందా అని కసిరారు. చివరికి ఆ కాలమ్ ఎంచుకుని సెంటర్ బటన్ ఇంకోసారి నొక్కగానే అంకెలు కుడికి సర్దుకున్నాయి, ఆయన మూడో బండి తూకం ఎడమ అంచుకు పోయి నిలబడింది. చీటీలు పట్టుకున్న ఆయన చేతులు వణకడం నేను మరిచిపోలేదు.

అందుకే క్వింటాళ్లని కాలమ్ శీర్షికలోనే రాయి, గడిలో వద్దు. దశాంశాలు అన్నిటికీ రెండే ఉంచు, చుక్కలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. శీర్షికలను కావాలంటే మధ్యకు జరుపుకో. గడులను మాత్రం కలిపేయకు, తర్వాత వరుసలను క్రమంలో పెట్టే సార్టింగ్ మొరాయిస్తుంది.

బ్యాంకు ఖాతా నంబర్ల సంగతి వేరు. కొట్టకముందే ఆ కాలమ్‌కు టెక్స్ట్ ఫార్మాట్ పెట్టు. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, నంబరు 15 అంకెలు దాటితే ఆపై అంకెలన్నీ సున్నాలవుతాయి. అక్కడ గడి మూలన, అంకె అక్షరంగా ఉందని చెప్పే ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తే కంగారుపడకు. అదే త్రికోణం తూకాల దగ్గర కనిపిస్తే మాత్రం పని ఆపి చూడు.

వేళకు తిను. రైతుల చెల్లింపుల షీటు మొదటిసారి పంపే ముందు నాకు ఫోను చెయ్యి, రాత్రి ఎంతైనా ఫర్వాలేదు.

మీ పెదనాన్న
కర్నూలు